లిమోంచెల్లో ఇంట్లోనే: చెక్కు తీయడం నుంచి ఫ్రీజర్ దాకా

లిమోంచెల్లో అంటే ఇటలీవాళ్ల నిమ్మ లిక్కర్, తియ్యటి మద్యం. నేను మొదటిసారి చేసినది మొత్తం సింకులో పోసేశాను. దగ్గర దగ్గర మూడు లీటర్లు. చూడటానికి లేత పసుపు రంగులో ముచ్చటగా ఉంది, వాసన కూడా బాగానే వస్తోంది, నోట్లో పోసుకుంటే మాత్రం వేపాకు నమిలినట్టుంది. అప్పట్లో చదువు కోసం ఇటలీలోని సలెర్నోలో ఉండేవాణ్ణి. మా ఇంటి ఓనరు డెబ్బై దాటిన పెద్దావిడ. నా గ్లాసు తీసుకుని వాసన చూసింది, నాలుక్కి ఒక్క చుక్క తగిలించుకుంది, తర్వాత చెత్తబుట్టలో నేను పారేసిన తొక్క ఒకటి తీసి తిరగేసి నా ముందు పెట్టింది. వెనక వైపు తెల్లగా, మందంగా, దూది అంటించినట్టుంది. ఇంకేం అనలేదు. ఆ తెల్లదే నా కొంప ముంచింది.

దీన్ని చేయడం కష్టమేమీ కాదు. వంట రాకపోయినా ఫర్వాలేదు. ఉన్న పనల్లా రెండే: చెక్కు సరిగ్గా తీయడం, తర్వాత నీళ్లూ స్పిరిట్ లెక్క సరిగ్గా వేసుకోవడం. నెట్‌లో దొరికే వీడియోల్లో ఈ రెండూ అరనిమిషంలో అయిపోతాయి, మిగతా పది నిమిషాలూ బాటిల్‌కి రిబ్బన్ కట్టడమే. నేను ఇక్కడ ఆ రెండింటి మీదే ఎక్కువ రాస్తాను.

అసలు ఇదేంటి

నిమ్మకాయ పైతొక్కని ఘాటైన స్పిరిట్‌లో నానబెట్టి, వడకట్టి, పంచదార నీళ్లు కలిపితే లిమోంచెల్లో. నిమ్మరసం ఒక్క చుక్క కూడా పడదు, ఇది చాలామందికి తెలియదు. దక్షిణ ఇటలీలో సొరెంతో, అమాల్ఫీ తీరం, కాప్రీ దీవి, ఈ మూడూ మేమంటే మేమే మొదట చేశామని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటాయి. ఆ పేరును ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించింది మాత్రం కాప్రీకి చెందిన మాస్సిమో కనాలె, 1988లో. ఇళ్లల్లో అంతకు ముందు నుంచీ చేసుకుంటూనే ఉన్నారు. ఉత్తరాన లిగూరియా వైపు ఇదే సరుకుని లిమొంచీనో అంటారు.

సారా కాయడానికీ దీనికీ సంబంధం లేదు. ఇక్కడ బట్టీ లేదు, పులియబెట్టడం లేదు, కొన్న స్పిరిట్‌లో తొక్క నానబెట్టడమే. ఇంట్లో బట్టీ పెట్టడం లైసెన్సు లేకుండా ఇటలీలోనూ అమెరికాలోనూ మన దేశంలోనూ నేరమే, కాబట్టి ఆ ఆలోచన ఉంటే ఇక్కడే వదిలేయండి. చేసుకున్నది ఇంట్లో తాగడానికే, అమ్మితే అది వేరే కేసు అవుతుంది.

నిమ్మకాయలు

అమాల్ఫీ వైపు కాసే రకం పేరు స్ఫుసాతో అమాల్ఫితానో. ఇటాలియన్‌లో ఫూసో అంటే కదురు. నూలు వడికే కదురులా మధ్యలో లావుగా, రెండు చివర్లా సన్నగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. సముద్రం మీదికి వంగినట్టుండే కొండల్ని మెట్లు మెట్లుగా చెక్కి, చెస్ట్‌నట్ కర్రలతో పందిళ్లు వేసి, వాటి కింద పెంచుతారు. మన దగ్గర ద్రాక్ష పందిరి ఎలా ఉంటుందో ఊహించుకోండి, దాన్ని కొండ అంచున పెట్టండి, అంతే. సొరెంతో రకం కాస్త గుండ్రంగా, కోడిగుడ్డులా ఉంటుంది. సొరెంతో నిమ్మకి 2000లో, అమాల్ఫీ నిమ్మకి 2001లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన బందరు లడ్డూకి జీఐ వచ్చినట్టు. కోత ఎక్కువగా ఫిబ్రవరి నుంచి అక్టోబర్ దాకా.

ఆ కాయలే కావాలా అంటే, అక్కర్లేదు. మీకు కావలసింది తొక్క మందంగా, గరుగ్గా ఉన్న కాయ, గోరుతో గీరగానే వాసన గుప్పుమనాలి. నున్నగా మెరిసిపోయే కాయ అందంగా ఉంటుంది కానీ ఆ మెరుపు చాలాసార్లు మైనం. పూర్తిగా పండి మెత్తబడ్డ కాయ కంటే, తొడిమ దగ్గర ఇంకా కాస్త ఆకుపచ్చ మిగిలిన కాయలో సువాసన ఎక్కువని మా ఓనరు అనేది. నేను రెండూ చేసి చూశాను, ఆవిడ చెప్పింది నిజమే.

మైనం సంగతి. పైతొక్కే మన ముడిసరుకు కాబట్టి దాని మీద ఏముందో పట్టించుకోవాలి. ఇటలీలో ఉండే మన పిల్లలు సూపర్‌మార్కెట్‌లో నెట్ సంచి మీద చిన్న అక్షరాలు చదవండి: 'బుచ్చా నోన్ ఎదీబిలె' అని ఉంటే తొక్క తినడానికి పనికిరాదని అర్థం, కోసిన తర్వాత బూజు పట్టకుండా మందు కొట్టారన్నమాట. 'నోన్ త్రత్తాతి', అంటే మందు కొట్టనివి, అని ఉన్నవి కొనండి. మందు కొట్టిన కాయల్ని ఎంత కడిగినా పూర్తిగా పోతుందని నేను నమ్మను. మైనం ఒక్కటే అయితే వేడినీళ్లలో అర నిమిషం ముంచి కూరగాయల బ్రష్‌తో రుద్దితే చాలావరకు వస్తుంది. సబ్బు వద్దు. కడిగాక పూర్తిగా తుడిచి ఆరబెట్టండి, తడి కాయ మీద పీలర్ జారుతుంది, వేలు తెగుతుంది.

స్పిరిట్: ఇక్కడ తప్పు చేస్తే ప్రాణం మీదికి వస్తుంది

ఇటలీలో ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా మద్యం అరలో 'ఆల్కోల్ పూరో' అని 95 లేదా 96 శాతం స్పిరిట్ లీటరు బాటిళ్లలో దొరుకుతుంది, ఇలా ఇళ్లల్లో లిక్కర్లు చేసుకోవడానికే. నీళ్లలా తెల్లగా ఉంటుంది. ఖరీదే, ఎందుకంటే లీటరు మీద దాదాపు 10 యూరోలు ఎక్సైజ్ సుంకానికే పోతుంది. అదే షాపులో ఫినాయిల్, సబ్బుల అరలో గులాబీ రంగు ఆల్కహాల్ బాటిల్ ఇంకోటి ఉంటుంది, చాలా చవక. కొత్తగా వెళ్లిన రోజుల్లో నేను దాన్ని చేతిలోకి తీసుకుని, ఇంత చవగ్గా దొరుకుతుంటే వీళ్లంతా అంత డబ్బు పోసి అదెందుకు కొంటున్నారబ్బా అనుకుంటూ బిల్లు కౌంటర్ దాకా వెళ్లాను. వెనక నిలబడ్డావిడ నా మరో చేతిలో నిమ్మకాయల సంచి చూసి గట్టిగా నో నో అంటూ బాటిల్ లాక్కున్నంత పని చేసింది. అది కిటికీలు తుడిచే డీనేచర్డ్ ఆల్కహాల్. ఎవరూ తాగకుండా ఉండాలనే అందులో విషం, రంగు కలుపుతారు. ఆవిడ ఎవరో తెలియదు, ఇప్పటికీ తలుచుకుంటాను.

కాబట్టి సర్జికల్ స్పిరిట్, ల్యాబ్ ఆల్కహాల్, శానిటైజర్, పెయింట్ షాపు స్పిరిట్, 'మా ఫ్రెండ్ ఫ్యాక్టరీ నుంచి తెచ్చిచ్చాడు' బాపతు క్యాన్లు, వీటిలో ఏదీ వద్దు. మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసి ఉంటే వాసనతో కనిపెట్టలేరు, వడకడితే పోదు, కళ్లు పోతాయి. తాగడానికని సీలు వేసి, పన్ను కట్టి, మద్యం షాపులో అమ్మేదే వాడండి.

అమెరికాలో ఉన్నవాళ్లకి గ్రెయిన్ ఆల్కహాల్ 190 ప్రూఫ్ అంటే 95 శాతం, 151 ప్రూఫ్ అంటే 75.5 శాతం. మొదటిది కొన్ని రాష్ట్రాల్లో అమ్మనివ్వరు, అలాంటి చోట రెండోదే తెచ్చుకోండి. ఇండియాలో ఈ రకం స్పిరిట్ షాపుల్లో దొరకదు, వోడ్కాతోనే పని కానివ్వాలి, అది సాధారణంగా 42.8 శాతం ఉంటుంది. దానికి లెక్క వేరు, కింద రాశాను.

ఇంకో మాట, 95 శాతం స్పిరిట్ అంటే పెట్రోల్‌ని చూసినంత భయంతో చూడాలి. మామూలు గది వేడికే దాని ఆవిరి అంటుకుంటుంది. పోసేటప్పుడు, వడకట్టేటప్పుడు పొయ్యి, దీపం, సిగరెట్ ఏదీ ఆ గదిలో వెలగకూడదు, కిటికీ తెరిచి ఉంచండి.

కావలసినవి

96 శాతం స్పిరిట్ 1 లీటరు. పెద్ద నిమ్మకాయలు 8 నుంచి 10, తూకం ఉంటే తీసిన చెక్కు 150 గ్రాములు వచ్చేలా. పంచదార 750 గ్రాములు. నీళ్లు లీటరున్నర. అంతే. మొదటిసారైతే అన్నిటికీ సగం తీసుకోండి, నాలా మూడు లీటర్లు సింకులో పోసుకునే ఖర్మ పట్టకుండా.

పాత్ర విషయానికొస్తే, బిగుతుగా మూత పడే గాజు సీసా రెండు లీటర్లది. ప్లాస్టిక్ వద్దు. నిమ్మ తొక్కలో ఉండే నూనెలో ఎక్కువ భాగం లిమోనీన్, అది థర్మాకోల్‌ని కరిగించేస్తుంది. నమ్మకం లేకపోతే కమలా తొక్కని బాగా ఊదిన బెలూన్ దగ్గర పెట్టి పిండి చూడండి, ఫట్‌మని పేలుతుంది. అలాంటి నూనెని, దాన్ని ఇంకా బాగా లాగే స్పిరిట్‌తో కలిపి ప్లాస్టిక్ డబ్బాలో నెల రోజులు పెడితే డబ్బాలో ఉన్నవి కూడా మీ గ్లాసులోకి వస్తాయి. ఆవకాయ జాడీ కూడా పనికిరాదు, మూతకి ఎంత గట్టిగా గుడ్డ కట్టినా స్పిరిట్ ఎగిరిపోతూనే ఉంటుంది, పైగా ఆ జాడీలో ఇరవై ఏళ్ల ఆవ వాసన ఎక్కడికీ పోదు.

చెక్కు తీయడం

అసలు పని ఇదే, పది కాయలకి నాకు ముప్పావుగంట పడుతుంది.

నిమ్మ తొక్కని అడ్డంగా కోసి చూడండి, పైన పల్చటి పసుపు పొర, దాని కింద తెల్లటి మెత్తటి పొర. సువాసన నూనె అంతా పసుపు పొరలోని చిన్న చిన్న తిత్తుల్లో ఉంటుంది, తొక్క మీద కనిపించే సన్నటి చుక్కలు అవే. తెల్లపొరలో నూనె లేదు, చేదు పదార్థాలున్నాయి, స్పిరిట్ వాటినీ అంతే శ్రద్ధగా లాగేస్తుంది. ఒకసారి చేదు దిగాక పంచదార ఎంత పోసినా పోదు, తియ్యటి చేదు అవుతుంది, అది ఇంకా ఘోరం.

కత్తి వద్దు. వై ఆకారంలో ఉండే కూరగాయల పీలర్ తీసుకోండి, కొత్తగా పదునుగా ఉన్నది. కాయని బల్ల మీద ఆనించి, పీలర్ని నొక్కకుండా, దాని బరువు మీదే పై నుంచి కిందికి లాగండి. బంగాళాదుంప చెక్కు తీసే చెయ్యి వేరు, ఈ చెయ్యి వేరు, మొదటి రెండు కాయలు పాడవుతాయి, పర్లేదు. వచ్చిన పట్టీని వెలుతురుకి పెట్టి చూస్తే అవతల వైపు నీడలా కనిపించాలి. తిరగేస్తే పసుపే కనపడాలి, తెలుపు వలలాగా అక్కడక్కడా ఉంటే ఫర్వాలేదు, పొరలా ఉంటే మాత్రం పట్టీని చదునుగా పరిచి చిన్న చాకుని దాదాపు పడుకోబెట్టి ఆ తెలుపు గీరేయండి. తొడిమ దగ్గరా ముచ్చిక దగ్గరా సరిగ్గా రాదు, అక్కడ వదిలేయండి, కక్కుర్తి పడొద్దు. మా ఓనరు టీవీలో ఏదో చూస్తూ, చేతి వైపు చూడకుండానే, కాయ చుట్టూ తిప్పుతూ ఒకటే రిబ్బన్‌లా తీసేది. నాకు ఇప్పటికీ రాదు.

తురుము పీట మీద తురమకూడదా అంటే, సన్నటి మైక్రోప్లేన్ తురుముతో చేయొచ్చు, రెండు మూడు రోజుల్లోనే సారం దిగిపోతుంది కూడా. కానీ చేయి కాస్త నొక్కుకుందంటే తెల్లది కూడా వచ్చేస్తుంది, అది తురుములో కలిసిపోయాక మీకు కనిపించదు. వడకట్టడమూ తలనొప్పే. నాకు పట్టీలే ఇష్టం, తప్పు చేస్తే కంటికి కనపడుతుంది.

నానబెట్టడం

పట్టీలన్నీ సీసాలో వేసి, స్పిరిట్ పోసి, మూత బిగించి, చీకటి అల్మారాలో పెట్టండి. ఎండ తగిలితే నిమ్మ నూనె పాడై, ఫ్లోర్ క్లీనర్ లాంటి వాసన మొదలవుతుంది. మూత మీద తేదీ రాసి అంటించండి, గుర్తుంటుందిలే అనుకుంటాం కానీ ఉండదు. రోజుకోసారి సీసాని కాస్త ఊపితే చాలు.

ఎన్నాళ్లు అన్నదాని మీద ఇటలీలో ఇంటికో మాట. కొందరు నాలుగు రోజులంటారు, కొందరు నలభై. 96 శాతం స్పిరిట్ అయితే నూనెలో చాలా భాగం మొదటి కొన్ని రోజుల్లోనే దిగిపోతుంది, మొదటి రోజు సాయంత్రానికే రంగు మారడం మీరే చూస్తారు. నేను పది రోజులుంచుతాను. క్యాలెండర్ కంటే తొక్కని నమ్మండి: ఒక పట్టీని స్పూన్‌తో తీసి వంచితే, మెత్తగా వంగిందంటే ఇంకా ఉంది, వేయించని అప్పడం ముక్కలా టప్పున విరిగి, రంగు వెలిసిపోయి కనిపిస్తే అయిపోయినట్టే. ఆ తర్వాత ఉంచితే వచ్చేది సువాసన కాదు, చేదు.

అయ్యాక వడకట్టాలి. మొదట మామూలు జల్లెడ, తర్వాత తడిపి పిండిన పన్నీర్ బట్ట, చివరికి కాఫీ ఫిల్టర్ పేపర్. బట్టలో తొక్కల్ని పిండకండి, పిండితే మళ్లీ ఆ చేదు. ఫిల్టర్ పేపర్ పని ఇప్పుడే పూర్తి చేసేయండి, పాకం కలిపాక చేద్దాంలే అనుకుంటే చుక్క చుక్కగా దిగుతూ తెల్లారిపోతుంది.

పాకం, లెక్క

పాకం అనగానే మన చేతులు తీగపాకం వైపు పోతాయి, ఇక్కడ అదేం వద్దు, గులాబ్ జామూన్ పాకమంత జిగురు కూడా అక్కర్లేదు. లీటరున్నర నీళ్లు వేడి చేసి, 750 గ్రాముల పంచదార వేసి, కరిగి తేటగా అవగానే దించేయండి. యాలకులు, కుంకుమపువ్వు, ఆ సరదాలు ఇందులో వద్దు ప్లీజ్.

తర్వాత పూర్తిగా చల్లారనివ్వండి. పూర్తిగా అంటే గిన్నె పట్టుకుంటే గది ఎంత చల్లగా ఉందో అంత చల్లగా. వేడి పాకం స్పిరిట్‌లో పోస్తే సువాసన, ఆల్కహాల్ రెండూ ఆవిరైపోతాయి, పక్కన పొయ్యి వెలుగుతుంటే ఇక చెప్పక్కర్లేదు. నేను రాత్రి పాకం చేసి పొద్దున కలుపుతాను.

ఇప్పుడు లెక్క. లీటరు 96 శాతం స్పిరిట్‌లో అసలు ఆల్కహాల్ 960 మిల్లీలీటర్లు. పంచదార కరిగిపోయింది కదా అని లెక్కలోంచి తీసేయకండి, గ్రాముకి దాదాపు 0.6 మిల్లీలీటర్ల చోటు తీసుకుంటుంది, 750 గ్రాములంటే సుమారు 460. మొత్తం 1000, 1500, 460 కలిపితే 2960, మూడు లీటర్లే అనుకోండి. 960ని మూడు లీటర్లతో భాగిస్తే 32 శాతం. తొక్కలూ బట్టా పీల్చుకున్నది పోగా చేతికి వచ్చేది మూడు లీటర్లకి కాస్త తక్కువే ఉంటుంది. షాపుల్లో అమ్మేవి మామూలుగా 25 నుంచి 32 శాతం మధ్య ఉంటాయి. యూరప్ చట్టం ప్రకారం లిక్కర్ అనిపించుకోవాలంటే కనీసం 15 శాతం ఆల్కహాల్, లీటరుకి 100 గ్రాముల పంచదార ఉండాలి, మన దాంట్లో లీటరుకి 250 గ్రాములు పడింది. తీపి ఎక్కువనిపిస్తే 600 గ్రాములకి తగ్గించండి. శాతం మాత్రం 28 కంటే కిందికి పోనీయకండి, ఎందుకో ఫ్రీజర్ దగ్గర చెప్తాను.

151 ప్రూఫ్ స్పిరిట్ అయితే లీటరుకి నీళ్లు 1150 మిల్లీలీటర్లు, పంచదార 600 గ్రాములు, 30 శాతం వస్తుంది. నానబెట్టడం రెండు వారాలు.

తెల్లబడే క్షణం

చల్లారిన పాకాన్ని స్పిరిట్‌లో సన్నటి ధారగా పోస్తూ గరిటెతో తిప్పండి. మొదట ఏమీ కాదు. సగం పోసేసరికి అద్దంలా తేటగా ఉన్న ఆ పసుపు ద్రవం లోపల పొగలాగా ఏదో తిరుగుతుంది, నాలుగు సెకన్లలో మొత్తం మజ్జిగతేటలా మబ్బేస్తుంది. గిన్నె పట్టుకు చూడండి, కాస్త వెచ్చబడి ఉంటుంది, ఆల్కహాల్, నీళ్లు కలిస్తే వేడి పుడుతుంది మరి. మొదటిసారి ఇది చూసి నేను విరిగిపోయిందేమోనని కంగారుపడ్డాను, పాలు విరిగినట్టు.

విరగలేదు. ఘాటైన స్పిరిట్‌లో నిమ్మ నూనె హాయిగా కరిగి ఉంటుంది, నీళ్లు పడగానే అందులో ఇమడలేక బయటికొస్తుంది, కానీ పైకి తేలకుండా కంటికి కనపడనంత సన్నటి బిందువులుగా అక్కడే నిలబడిపోతుంది. ఊజో అనే గ్రీకుల మద్యంలో నీళ్లు పోస్తే తెల్లబడేది కూడా ఇందుకే. 2018లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఉన్న న్యూట్రాన్ పరిశోధన సంస్థలో లిమోంచెల్లోని న్యూట్రాన్ల కింద పెట్టి మరీ చూశారు, ఆ బిందువులు దాదాపు 100 నానోమీటర్ల సైజులో ఉన్నాయని తేలింది. నెలల తరబడి అలా నిలిచి ఉంటాయి, ఎవరూ గిలక్కొట్టక్కర్లేదు. కాబట్టి మబ్బుగా ఉండటం మంచి గుర్తు, నూనె బాగా దిగిందని అర్థం. తేటగా ఉందంటే చెడిపోయిందని కాదు, స్పిరిట్ బలహీనమైతే నూనె తక్కువ దిగుతుంది, వోడ్కాతో చేసినది తేటగానే ఉండొచ్చు.

ఆగడం, ఫ్రీజర్

కలిపిన రోజే తాగితే గొంతులో మండుతుంది, తీపి వేరుగా, స్పిరిట్ వేరుగా తెలుస్తుంటాయి. సీసాల్లో పోసి చీకట్లో కనీసం రెండు వారాలు, ఓపిక ఉంటే నెల ఉంచండి. నేను ప్రతిసారీ ఒక చిన్న సీసా పది రోజులకే తెరిచేస్తాను, ప్రతిసారీ తొందరపడ్డానని అనుకుంటాను.

ఆ తర్వాత ఫ్రీజర్‌లో పెట్టండి, ఫ్రిజ్‌లో కాదు. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలుంటుంది, 30 శాతం దాటిన ఆల్కహాల్, ఇంత పంచదార ఉంటే గడ్డ కట్టదు, చిక్కటి నూనెలా జారుతుంది. శాతం 25 కంటే బాగా తగ్గిందా, మంచు పలుకులు కడతాయి. 28 కంటే కిందికి పోనీయొద్దన్నది ఇందుకే. కొన్ని నెలల్లో తాగేయడం మంచిది, పాడవదు కానీ ఏడాది దాటితే వాసన వాడిపోతుంది, రంగు గోధుమ వైపు పోతుంది.

తాగే పద్ధతి: భోజనం అయ్యాక, 30 మిల్లీలీటర్ల చిన్న గ్లాసు, దాన్ని కూడా ఫ్రీజర్‌లో పెట్టి. ఇటలీలో దీన్ని దిజెస్తీవో అంటారు, అరగడానికి తాగేదని, నిజంగా అరుగుతుందో లేదో గానీ కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి ఇంకో అరగంట దొరుకుతుంది. షాట్‌లా ఎత్తి పోసుకునేది కాదు, ఐస్ ముక్కలు వేసేదీ కాదు. తియ్యగా చల్లగా ఉంటుంది కాబట్టి ఘాటు తెలియదు, మూడు గ్లాసులయ్యాక లేచి నిలబడితే తెలుస్తుంది. తాగితే బండి తీయొద్దు. వెనిల్లా ఐస్‌క్రీమ్ మీద ఒక స్పూన్ పోసుకుంటే అదో లెవెల్.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేయాలంటే

వోడ్కా 750 మిల్లీలీటర్ల బాటిల్, రుచీ వాసనా ఏమీ లేని మామూలు రకం. పెద్ద నిమ్మకాయలు ఆరు, నానబెట్టడం మూడు నుంచి నాలుగు వారాలు. పాకం 200 మిల్లీలీటర్ల నీళ్లు, 200 గ్రాముల పంచదార మాత్రమే. బాటిల్‌లో ఉన్న ఆల్కహాల్ 321 మిల్లీలీటర్లు, మొత్తం 1070 దాకా వస్తుంది, అంటే మళ్లీ 30 శాతం. ఇటలీ రెసిపీలో వోడ్కా పెట్టి లీటరున్నర నీళ్లు పోస్తే వచ్చేది మందు కాదు, నిమ్మ షర్బత్. నెట్‌లో చూసి చేసి చెత్తగా వచ్చిందనేవాళ్లలో సగం మంది చేసే తప్పు ఇదే. ఇంట్లో ఎన్ని బాటిళ్లు ఉంచుకోవచ్చన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, మీ దగ్గరి రూల్ చూసుకోండి.

కాయల దగ్గరే చిక్కు. మన గూడూరు నిమ్మకాయ అసలు ఈ జాతి కాదు, అది లైమ్, ఇటలీది లెమన్. మన కాయ తొక్క పల్చన, పీలర్ పెడితే గుజ్జులోకి దిగిపోతుంది, వాసన కూడా వేరే దారిలో ఉంటుంది. దాంతో చేస్తే బాగానే ఉంటుంది కానీ దాన్ని లిమోంచెల్లో అనకండి. పెద్ద సూపర్‌మార్కెట్లలో దొరికే పసుపు లెమన్లు కొంచెం ఖరీదైనా అవే తీసుకోండి, మైనం రుద్దడం మర్చిపోకండి. దబ్బకాయ దొరికే కాలంలో నేను దాంతో ఒకసారి చేశాను, తొక్క మందం కాబట్టి చెక్కు తీయడం సులువు, వాసన బ్రహ్మాండం, కాకపోతే చేదు దిగడానికి కూడా తొందర ఎక్కువ, వారానికే తీసేయాల్సి వచ్చింది. ఉత్తర ఇటలీలో గార్డా సరస్సు ఒడ్డున దబ్బకి దగ్గరి చుట్టమైన చేద్రో అనే కాయతో ఇలాంటి లిక్కరే చేస్తారు, కాబట్టి మరీ కొత్త ప్రయోగమేం కాదు.

తేడా కొడితే

పైన జిడ్డు వలయం తేలిందంటే నూనె ఎక్కువ, ఆల్కహాల్ తక్కువ. ఒకసారి ఊపి, అప్పటికీ పోకపోతే కాస్త స్పిరిట్ కలపండి. మరీ ఘాటుగా ఉంటే ఆగండి, నెల తర్వాత కూడా అలాగే ఉంటే చల్లటి పాకం కొద్ది కొద్దిగా పోయండి. వాసన చాల్లేదంటే కాయలు పాతవి, దానికి మందు లేదు, పులుపు వస్తుందని నిమ్మరసం మాత్రం పిండొద్దు, అడుగున మడ్డి పేరుతుంది, నాలుగు రోజుల్లో తాజాదనం పోతుంది. చేదుకి ఏం చేయాలో మొదటి పేరాలోనే చెప్పాను, సింకు.

చెక్కు తీసేసిన పది బోడి నిమ్మకాయలు మిగులుతాయి కదా, అవి రెండు రోజుల్లో ఎండిపోతాయి, ఆ రోజే రసం పిండి ఐస్ ట్రేలో పోసి ఫ్రీజ్ చేసుకోండి. మా ఇంట్లో లిమోంచెల్లో పెట్టిన రోజు రాత్రికి పులిహోర తప్పనిసరి. వడకట్టిన తొక్కల్ని వెంటనే పొయ్యి పక్కనున్న చెత్తబుట్టలో వేయకండి, ఇంకా స్పిరిట్ పట్టి ఉంటాయి, భగ్గుమంటాయి. ఒక పూట బయట ఆరబెట్టి, తర్వాత వెనిగర్‌లో వేసి వారం ఉంచితే సింకు మీద నీళ్ల మరకలకి బాగా పనిచేస్తుంది.